ఎస్‌ఏఎఫ్ వాడితే విమాన కాలుష్యం నిజంగా 80 శాతం తగ్గుతుందా?

టికెట్ కొనేటప్పుడు "సస్టైనబుల్ ఏవియేషన్ ఫ్యూయల్ (ఎస్‌ఏఎఫ్) కోసం ఇంకొంత కట్టండి, మీ ప్రయాణం కార్బన్ 80 శాతం దాకా తగ్గుతుంది" అని చూపిస్తున్నారు, నమ్మొచ్చా అని అడిగారు. ఎస్‌ఏఎఫ్ అంటే ముడిచమురు బదులు మొక్కల నూనెలు, వ్యర్థాలు, కరెంటు లాంటివాటితో చేసే విమాన ఇంధనం. ఆ 80 గాల్లోంచి పుట్టిన అంకె కాదు. కాకపోతే అది ఒక రకం ముడిసరుకుకి, ఒక రకం లెక్కలో మాత్రమే వస్తుంది. దాన్ని తెచ్చి ఎస్‌ఏఎఫ్ అనే పేరున్న ప్రతి ఇంధనానికీ తగిలిస్తున్నారు. ఈ ఇంధనాల ఉద్గారాల లెక్కలు, ధ్రువపత్రాలు చూసే పనిలో ఉన్నవాళ్లు మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ సరుకు విమానంలోకి రాకముందు ఏ పనికి వాడుతున్నారు?

కిలో మామూలు జెట్ ఇంధనం (కిరోసిన్) కాలితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కిలో ఎస్‌ఏఎఫ్ కాలినా దాదాపు 3.1 కిలోలు వస్తుంది. రెండూ హైడ్రోకార్బన్లే కాబట్టి ఇంజిన్ వెనక తేడా లేనట్టే. తగ్గింపంతా లెక్కల్లో ఉంటుంది: మొక్క పెరిగేటప్పుడు గాలిలోంచి తీసుకున్న కార్బనే తిరిగి గాలిలో కలిసింది గనక కాల్చినప్పటి ఉద్గారాన్ని సున్నా అనుకుంటారు. సేద్యం, ఎరువులు, రవాణా, ఫ్యాక్టరీల ఉద్గారాలు మాత్రమే కూడతారు. ఆ మొక్క, ఆ నేల, ఆ నూనె అప్పటికే వేరే పనిలో ఉంటే ఈ సున్నా నిలవదు.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో అంతర్జాతీయ విమానాల ఉద్గారాల అదుపు కోసం నడిపే కోర్సియా పథకంలో మామూలు జెట్ ఇంధనానికి మెగాజౌల్‌కి 89 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ అని పెట్టుకున్నారు (మెగాజౌల్ అంటే శక్తి కొలమానం; ఇది తయారీ నుంచి కాల్చడం దాకా అన్నీ కలిపిన లెక్క). వాడిన వంటనూనె నుంచి తీసిన ఎస్‌ఏఎఫ్‌కి డిఫాల్ట్ విలువ 13.9 గ్రాములు. అంటే 84 శాతం తగ్గుదల, ప్రకటనల్లో కనిపించేది ఇదే. అదే పట్టికలో కిందికి వెళ్తే బొమ్మ మారుతుంది. అమెరికా సోయా నూనె 64.9, అంటే తగ్గేది 27 శాతమే. అమెరికా మొక్కజొన్న ఇథనాల్ నుంచి చేసింది 90.8, అంటే కిరోసిన్ కన్నా కాస్త ఎక్కువ. వ్యర్థజలాన్ని తెరిచిన చెరువుల్లో వదిలి మీథేన్ బయటికి పోనిచ్చే మిల్లుల పామాయిల్ 99.1, అంటే 11 శాతం ఎక్కువ. ఇవి పర్యావరణవాదులు వేసిన అంకెలు కావు, విమానయాన రంగం తన కోసం ఒప్పుకున్నవి.

మొక్కజొన్న 90.8లో సాగు, ఫ్యాక్టరీ వాటా 65.7. మిగిలిన 25.1 పరోక్ష భూవినియోగ మార్పుది. ఒక పొలంలో పంట ఇంధనానికి మళ్లితే ఆ తిండి గింజల కొరత తీర్చడానికి ఇంకెక్కడో అడవో పచ్చికబయలో దున్నుతారు. ఆ చెట్లలో, మట్టిలో దాగిన కార్బన్ బయటికొస్తుంది. దీన్ని కొలవలేం, ఆర్థిక నమూనాలతో అంచనా కట్టాలి. నమూనా మార్చితే అంకె మారుతుంది, అందుకే పరిశ్రమ ఒత్తిడంతా ఇక్కడే పడుతుంది. అమెరికా 2025లో చేసిన చట్టం క్లీన్ ఫ్యూయల్ పన్ను రాయితీ లెక్కలోంచి 2026 నుంచి ఈ భాగాన్ని పూర్తిగా తీసేసింది. పై అంకెలతోనే చూడండి: 25.1 తీసేస్తే 90.8 కాస్తా 65.7 అయి, కిరోసిన్ కన్నా చెడ్డదైన ఇంధనం 26 శాతం మెరుగైనదైపోతుంది. పొలంలో మార్పేమీ లేదు, ఫ్యాక్టరీలో అసలే లేదు.

నేల సంగతిలో మరీ ఘోరమైన కోణం కార్బన్ అప్పు. 2008లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం ఉష్ణమండల అడవిని నరికి పామాయిల్ తోట వేస్తే, ఆ నూనె బయోడీజిల్‌తో వచ్చే ఆదా అడవి నష్టాన్ని పూడ్చడానికి సుమారు 86 ఏళ్లు పడుతుంది. పీట్ నేల (కుళ్లిన మొక్కలు పేరుకుపోయి కార్బన్ నిండిన చిత్తడి నేల) మీది అడవైతే 423 ఏళ్లు. లక్ష్యాలేమో 2050కి పెట్టుకున్నాం.

ఎంత నేల కావాలో కూడా ఒకసారి వేసుకోవచ్చు. ఏ320 తరహా విమానం గంటకి సుమారు 2.5 టన్నుల ఇంధనం తాగుతుంది. టన్ను ఇంధనానికి 1.2 టన్నుల నూనె అనుకుంటే 3 టన్నుల నూనె కావాలి. సోయా హెక్టారుకి దాదాపు అర టన్ను నూనె ఇస్తుంది. అంటే గంట ప్రయాణానికి 6 హెక్టార్లు, సుమారు 15 ఎకరాల ఏడాది పంట. సోయా పిండి దాణాకి పోతుంది కాబట్టి నేల భారమంతా నూనె మీదే వేయడం న్యాయం కాదు, అది నిజమే. అయినా ప్రపంచం ఏటా వాడే జెట్ ఇంధనం దాదాపు 30 కోట్ల టన్నులు, అన్ని రకాల వంటనూనెల ఉత్పత్తీ కలిపితే 22 కోట్ల టన్నులకి అటూ ఇటూ. మనం పోపుకి కూడా మిగల్చకుండా మొత్తం మళ్లించినా విమానాలకి చాలదు.

మరి వాడిన నూనె, కొవ్వు వ్యర్థాలే కదా, వాటితో ఇబ్బందేంటి? అసలు మోసం జరిగేది వీటి చుట్టూనే. పశువుల కొవ్వు చెత్తకుప్పలో పడి ఉండదు. సబ్బులు, దాణా, రసాయనాల తయారీకి ఎప్పటి నుంచో వాడుతున్నారు. దాన్ని విమానాలకి తెస్తే ఆ సబ్బుల ఫ్యాక్టరీ పామాయిల్ కొంటుంది. ఎస్‌ఏఎఫ్ ధ్రువపత్రంలో మాత్రం "వ్యర్థం, భూభారం సున్నా" అని ఉంటుంది. వాడిన వంటనూనెలో చాలా భాగం అప్పటికే లారీల బయోడీజిల్‌గా మారుతోంది. దాన్ని అక్కణ్ణుంచి లాగి విమానంలో పోస్తే లారీ తిరిగి పెట్రోలియం డీజిల్ తాగుతుంది. ఇది కొత్త ఆదా కాదు, చోటు మార్పు.

పైగా ఆ చోటు మార్పులో కొంత నష్టం కూడా ఉంది. నూనెల్ని, కొవ్వుల్ని హైడ్రోజన్‌తో ఇంధనంగా మార్చే హెఫా పద్ధతిలో నూనెని ముందు శుద్ధిచేసి ఫాస్ఫరస్, లోహాలు, క్లోరైడ్లు తీసేస్తారు. ఇవి ఉంటే ఉత్ప్రేరకం త్వరగా చచ్చిపోతుంది. తర్వాత 300–400 డిగ్రీల దగ్గర హైడ్రోజన్‌తో ఆక్సిజన్‌ని తొలగిస్తారు. ఇక్కడికి వచ్చేవి 15 నుంచి 18 కార్బన్ల పొడుగు గొలుసులు, సరిగ్గా డీజిల్ కొలత. జెట్ ఏ-1 మైనస్ 47 డిగ్రీల దాకా గడ్డకట్టకూడదు కాబట్టి ఆ గొలుసుల్ని ఇంకా విరగ్గొట్టి, కొమ్మలు పెట్టాలి. విరిచిన ప్రతిసారీ కొంత భాగం నాఫ్తాగా (జెట్ ఇంధనం కన్నా తేలికైన ద్రవం), గ్యాస్‌గా జారిపోతుంది, హైడ్రోజన్ ఖర్చూ పెరుగుతుంది. 100 కిలోల నూనెకి 3–4 కిలోల హైడ్రోజన్ పడుతుంది. అది సహజవాయువు నుంచి వచ్చిందైతే కిలోకి 9–10 కిలోల కార్బన్ డయాక్సైడ్. లారీకి సరిపోయే చోట ఆగితే ఈ చివరి మెట్టు అక్కర్లేదు.

దొంగ సరుకు సంగతి వేరే. రాయితీల వల్ల వాడిన నూనె ధర తాజా పామాయిల్‌ని దాటితే, తాజా నూనెని "వాడినది" అని అమ్మడం లాభసాటి వ్యాపారమైపోతుంది. చిన్న హోటళ్ల దగ్గర స్వీయ ధ్రువీకరణ పత్రమే ఆధారం, ఆడిటర్లు కొన్నింటినే శాంపిల్‌గా చూస్తారు. ల్యాబ్ కూడా పెద్దగా ఆదుకోదు. కార్బన్-14 పరీక్ష మొక్కల కార్బనా, పెట్రోలియం కార్బనా అన్నది చెప్తుంది. తాజా నూనె, కాగిన నూనె రెండూ మొక్కవే. కాచిన నూనెలో ఫ్రీ ఫ్యాటీ యాసిడ్లు, పాలిమర్లు పెరుగుతాయి గానీ ఎంత పెరగాలన్న గీత లేదు, బాగా మాడిన నూనెలో కొంచెం తాజాది కలిపితే సరిపోయింది. వేపుళ్లకి పామాయిలే వాడే ప్రాంతం నుంచి వస్తే కొవ్వు ఆమ్లాల పొందికా పట్టివ్వదు. 2024లో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ వాడిన నూనె కొనే ఇంధన తయారీదారుల సరఫరా గొలుసుల మీద ఆడిట్లు మొదలుపెట్టింది ఇందుకే.

మున్సిపల్ చెత్త నుంచి చేసే ఇంధనంలో చూడాల్సింది ప్లాస్టిక్ వాటా. కోర్సియా సూత్రం ఇది: చెత్తలోని కార్బన్‌లో పెట్రోలియం మూలం ఉన్న భాగాన్ని 170.5తో గుణించి 5.2 కలపాలి. ప్లాస్టిక్ లేకపోతే 5.2 గ్రాములు, బ్రహ్మాండం. ఆ భాగం 40 శాతమైతే 73.4. దాదాపు 44 శాతం దాటితే 10 శాతం తగ్గుదల అనే కనీస అర్హత కూడా పోతుంది. చెత్త పొందిక వారానికొక తీరుగా ఉంటుంది, కాబట్టి ఒక్క సగటు అంకె చూపిస్తే శాంపిళ్లు ఎంత తరచుగా తీశారో అడగండి.

కరెంటుతో నీటిలోంచి తీసిన హైడ్రోజన్‌ని కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి చేసే ఈ-ఫ్యూయల్‌కి నేల ఇబ్బంది తక్కువ, కరెంటు ఇబ్బంది ఎక్కువ. కిలో ఇంధనంలో ఉండే శక్తి 12 యూనిట్లు, చేయడానికి పట్టేది సుమారు 25 యూనిట్లు. తయారీతో కలిపి కిలో కిరోసిన్ మొత్తం భారం 3.83 కిలోల కార్బన్ డయాక్సైడ్ కాబట్టి, యూనిట్‌కి 150 గ్రాముల కన్నా ఎక్కువ కార్బన్ ఉన్న గ్రిడ్ మీద నడిపితే ఈ-ఫ్యూయల్ కిరోసిన్ కన్నా చెడ్డది. బొగ్గు గ్రిడ్లు దీనికి ఎన్నో రెట్ల పైన ఉంటాయి. ఉన్న విమానాలన్నిటికీ ఇదే పోయాలంటే 7.5 లక్షల కోట్ల యూనిట్లు కావాలి, ప్రపంచ విద్యుదుత్పత్తిలో నాలుగో వంతు. అదే సౌర విద్యుత్తుతో బొగ్గు కేంద్రాన్ని ఆపితే యూనిట్‌కి తగ్గే కార్బన్ చాలా ఎక్కువ. అందుకే కొత్తగా, అదనంగా కట్టిన ప్లాంట్ కరెంటేనా అన్నది ఇక్కడ ప్రాణం లాంటి ప్రశ్న.

ఎస్‌ఏఎఫ్ పక్షాన చెప్పాల్సిన మాట ఒకటుంది. దీనిలో ఆరోమాటిక్‌లు (కాలితే మసి ఎక్కువ వచ్చే వలయాకార హైడ్రోకార్బన్లు) తక్కువ కాబట్టి మసి తక్కువ, మసి తగ్గితే విమానం వెనక తెల్ల గీతల్లోని మంచు స్ఫటికాలూ తగ్గుతాయి. ఆ గీతల వేడి ప్రభావం చిన్నది కాదు. ఈ లాభం నిజమైనదే. కాకపోతే కిరోసిన్‌లోంచి ఆరోమాటిక్‌లు తీసేసినా చాలా వరకు వస్తుంది, దానికి అడవి నరకాల్సిన పని లేదు.

ఇక మీ డబ్బు సంగతి. యూరప్‌లో 2025 నుంచి సరఫరాదారులు 2 శాతం ఎస్‌ఏఎఫ్ కలిపి తీరాలి, 2030లో 6 శాతం. 2 శాతం మొత్తం నిఖార్సైన వాడిన నూనెదే అనుకున్నా విమానం భారం తగ్గేది 1.7 శాతం. ఆ తప్పనిసరి కోటాకే మీ డబ్బు పోతే అదనంగా తగ్గేది సున్నా, వాళ్లు ఎలాగూ కొనాల్సిందే. కాబట్టి కట్టేముందు కంపెనీకి రాయండి: ముడిసరుకు పేరు, మూల దేశం, ధ్రువపత్రంలో మెగాజౌల్‌కి ఎన్ని గ్రాములు, అందులో పరోక్ష భూవినియోగం ఉందా, పోల్చింది కోర్సియా 89తోనా యూరప్ 94తోనా (94తో పోలిస్తే అదే ఇంధనం ఇంకాస్త మంచిగా కనిపిస్తుంది), చెప్పిన టన్నులు శుద్ధ ఎస్‌ఏఎఫ్‌వా, కిరోసిన్ కలిపాక తూచినవా, ఆ టన్నుల్ని ఏ కోటా కిందా చూపలేదని రాసిస్తారా. "ఇది వ్యర్థాల నుంచి వచ్చింది" అని మాత్రమే జవాబొస్తే ఆ పెట్టె టిక్ చేయకండి. అన్నిటికీ కాగితంతో జవాబిచ్చినా ఆ ఇంధనం మీ విమానంలోకి వస్తుందనుకోకండి. బుక్ అండ్ క్లెయిమ్ పద్ధతిలో అది ఏదో ఒక ఎయిర్‌పోర్టు ట్యాంకులో కలిసిపోతుంది, మీ పేరు మీద వచ్చేది దాని లెక్క మాత్రమే. ఆ పద్ధతిలో తప్పు లేదు, అదే టన్ను ఇద్దరికి అమ్మకుండా రిజిస్ట్రీలో రద్దు చేసినట్టు చూపిస్తే.