చూపు అందని చోట మాట అందదు

నెల్లూరు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఒంగోల్లో నెలనెలా జరిగే మన బధిరుల సమావేశం బాధ్యత నీ చేతికొచ్చిందని మీ అమ్మ మెసేజ్ పెట్టింది. చాలా సంతోషం తల్లీ. ఈమధ్య అక్కడ మాటామాటా పెరిగి కొందరు రావడం మానేశారని కూడా రాసింది. మొదటి రోజే లేచి నిలబడి "అందరూ మర్యాదగా మాట్లాడుకోండి" అని చెప్పాలనుకుంటున్నావట. చెప్పు, తప్పులేదు. కానీ ఆ మాటతోనే పని అయిపోదు. మన దగ్గర గొడవల్లో సగం నోటి దురుసుతోనో చేతి దురుసుతోనో రావు. ఒకరు చెప్పింది ఇంకొకరికి కనపడకపోవడంతో వస్తాయి. కనపడనివాడు తనని పక్కన పెట్టేశారనుకుంటాడు. అట్లా రెండు మూడుసార్లు జరిగితే నాలుగోసారి కోపంగా లేస్తాడు. అందుకని ముందు హాలు సంగతి చూడు, మనుషుల సంగతి తర్వాత.

పదిహేను మంది లోపైతే కుర్చీలు ఒకే వరసలో అర్ధచంద్రాకారంగా వేయించు. ప్రతి ఒక్కరికీ మిగతా అందరి ముఖమూ, నడుము దాకా చేతులూ కనపడాలి. ముప్పై మంది వస్తే రెండు వరసలు తప్పవు. అప్పుడు వెనక వరస కుర్చీలు ముందు కుర్చీల మధ్య సందుల్లోకి రావాలి, మాట్లాడేవాళ్ళు ఒక అడుగు ఎత్తున నిలబడాలి. మీ మీటింగు సాయంత్రం నాలుగింటికి కాబట్టి పడమటి కిటికీతో జాగ్రత్త. మాట్లాడేవాడి వెనక ఆ కిటికీ ఉంటే మనిషి నల్లటి నీడలా కనపడతాడు, ముఖం తెలియదు. చూసేవాళ్ళకి ఆ కిటికీ వీపు వైపు ఉండాలి. ఇంకోటి చాలామంది పట్టించుకోరు: ట్యూబులైటుకి కింద ఫ్యాను తిరుగుతుంటే రెక్కల నీడ చేతుల మీద టకటకా కొట్టుకుంటుంది. అరగంట అట్లా చూస్తే తల నొప్పి పుడుతుంది, చిరాకు వస్తుంది, ఆ చిరాకు ఎదుటివాడి మీదకి పోతుంది. మాట్లాడే చోట ఆ ఫ్యాను ఆపేసి పక్కన స్టాండు ఫ్యాను పెట్టించు.

అందరి చూపూ నీ వైపు తిప్పాలంటే లైటు రెండుసార్లు ఆర్పి వెలిగించు. మనవైపు గచ్చు నేలలూ బండల నేలలూ కదా, కాలితో తన్నినా అదురు పక్కకి పోదు. చెక్క బల్ల మీద అరచేత్తో తడితే పోతుంది. ఒక మనిషిని పిలవాలంటే భుజం మీద మెల్లగా తట్టాలి. వీపు మీద చరచడం, గడ్డం పట్టుకుని ముఖం తిప్పడం, కాగితపు ఉండలు విసరడం ఎంత దగ్గరివాళ్ళయినా వద్దు. ఇద్దరు మాట్లాడుకుంటుంటే మధ్యలోంచి దాటాల్సి వస్తే ఆగి వంగి క్షమించమని అడుగుతూ నిలబడక్కర్లేదు. అట్లా నిలబడితేనే ఇంకా అడ్డం. గబుక్కున దాటిపోతే చాలు.

ఒకరి తర్వాత ఒకరు మాట్లాడటం దగ్గరే అసలు చిక్కు. వినేవాళ్ళలో, అంటే చెవులు వినపడేవాళ్ళలో, ఇద్దరు ఒకేసారి మాట్లాడినా చెవికి రెండూ కొంచెం కొంచెం పడతాయి. కంటికి అట్లా కుదరదు. ఒకరిని చూస్తే రెండోవాళ్ళు పోయినట్టే. మార్కాపురం పలక ఒకటి తెప్పించు. పలక ఎవరి ఒళ్ళో ఉంటే మాట వాళ్ళది. చెప్పదలుచుకున్నవాళ్ళు చెయ్యెత్తాలి, నువ్వు వేలు చూపించాలి, పలక చేతులు మారాలి. అది చేతులు మారే రెండు మూడు సెకన్లలో అందరి తలలూ ఆ వైపు తిరుగుతాయి. పలక పెట్టేది ఆ వ్యవధి కోసమే. మనిషికి మూడు నిమిషాలు చాలు. కాగితం ఏదైనా పంచితే, అందరూ చదివి తలెత్తేదాకా ఎవరూ చేతులు కదపకూడదు. కాగితాన్నీ మనిషినీ ఒకేసారి చూడలేం.

ఇంటర్‌ప్రెటర్ ఉన్నప్పుడు ఈ ఆగడం ఇంకా ముఖ్యం. ఇంటర్‌ప్రెటర్ మాట అర్థం చేసుకుని సైగలోకి తెచ్చేసరికి కొన్ని సెకన్లు పడతాయి. ఈలోగా వినేవాళ్ళు "ఎవరికైనా అభ్యంతరం ఉందా? లేదు కదా, సరే" అని ముగించేస్తారు. మనవాళ్ళు చెయ్యెత్తేసరికి తీర్మానం అయిపోయి ఉంటుంది. ప్రశ్న అడిగినాక మనసులో అయిదు లెక్కపెట్టమని మీటింగుకి వచ్చే వినేవాళ్ళకు, పిల్లల తల్లిదండ్రులకు ముందే చెప్పు. ఇంటర్‌ప్రెటర్ మాట్లాడేవాళ్ళ పక్కనే నిలబడాలి, ఒంటి రంగుకి కాంట్రాస్టుగా ఉండే సాదా రంగు బట్టలు వేసుకోవాలి, పూలూ గీతలూ ఉంటే వేళ్ళు కలిసిపోతాయి. రెండు గంటల మీటింగుకి ఇద్దరు కావాలి, ఇరవై నిమిషాలకొకసారి మారాలి. అలిసిన చెయ్యి తప్పు చెప్తుంది, ఆ తప్పు మాట్లాడినవాడి తలకి చుట్టుకుంటుంది. "ఆ అబ్బాయిని ఇట్లా అడుగు" అని ఇంటర్‌ప్రెటర్‌తో కాదు, ఆ అబ్బాయి ముఖం చూసి "నువ్వేమంటావు?" అని అడగాలి. ఇంటర్‌ప్రెటర్ దొరకలేదని బధిర దంపతుల చిన్నపిల్లల్ని నిలబెట్టడం చూస్తుంటాం. టీ టిఫిన్ల మాటలకు ఫరవాలేదు. డబ్బు సంగతులకూ తగాదాలకూ పసిపిల్లల నోరు వాడుకోవడం నాకు ససేమిరా ఇష్టం లేదు. అమ్మను తిట్టిన తిట్టు ఆ బిడ్డే అమ్మకు చెప్పాల్సి వస్తుంది.

వినేవాళ్ళకు ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మన మధ్య కూర్చుని తమలో తాము నోటితో మాట్లాడుకుని నవ్వుకోవడం, ఏమిటని అడిగితే "ఏం లేదులే", "తర్వాత చెప్తాలే" అనడం. తిట్టినా ఇంత బాధ ఉండదు. ఇంట్లో అన్నాల దగ్గర పుట్టినప్పటి నుంచీ ఆ మాట తిన్నవాళ్ళే మన హాలుకి వచ్చేది. ఇక్కడ కూడా అదేనా అనిపిస్తుంది. "పెదాలు చూసి తెలుసుకుంటారు కదా" అంటారు కొందరు. వాళ్ళని అద్దం ముందు నిలబడి గొంతు లేకుండా పాట, బాట, మాట అని చెప్పుకోమను. మూడింటికీ పెదాలు ఒక్కలాగే కదులుతాయి. క, గ లైతే గొంతు దగ్గరే ఉండిపోతాయి, బయటికి కనపడనే కనపడవు.

ఇప్పుడు మనవాళ్ళు చెయ్యాల్సింది. కనిగిరి వైపు నుంచీ ఉదయగిరి వైపు నుంచీ వచ్చేవాళ్ళలో బడి ముఖం చూడనివాళ్ళు ఉంటారు. వాళ్ళకు ఇంటి సైగలే తెలుసు. ఇంటర్‌ప్రెటర్ చేసే ఐఎస్ఎల్, అంటే ఇండియన్ సైన్ లాంగ్వేజ్, వాళ్ళకు అందదు. పక్కన కూర్చున్న బధిరులొకరు దాన్నే విప్పి, బొమ్మ కట్టినట్టు మళ్ళీ చెప్పాలి. ఆ పని తెలిసినవాళ్ళు నీ సభ్యుల్లో ఉంటారు, ముందే ఒప్పించి వాళ్ళ పక్కనే కూర్చోబెట్టు. సైగల మీద జరిగే వాదం ఇంకోటి. నెల్లూరు వైపు పిల్లలు కొందరు చెన్నైలో చదివొస్తారు, ఒంగోలు పిల్లలు హైదరాబాదులో. కొన్ని మాటలకు వీళ్ళ సైగ వాళ్ళ సైగ వేరు. ఢిల్లీలోని సైన్ లాంగ్వేజ్ సంస్థ 2018లో మూడు వేల మాటలతో డిక్షనరీ తెచ్చింది, 2021కి పదివేలు చేసింది. అది వెతుక్కోవడానికి. "నీ సైగ తప్పు" అని పదిమందిలో ఎవరినీ చిన్నబుచ్చడానికి కాదు. రెండు సైగలూ ఒకసారి చూపించి, "ఈ పూటకి ఇది వాడదాం" అని అనుకుంటే అర నిమిషంలో తేలిపోతుంది.

గ్రూపులో ఎవరైనా "నేను రేపు మీటింగ్ రావడం లేదు ఎందుకు అడగడం వద్దు" అని రాస్తే పొగరు అనుకోవద్దు, భాష రాదని నవ్వొద్దు. సైగల్లో కాదు, లేదు, వద్దు లాంటివి వాక్యం చివరికొస్తాయి. ఆ మనిషి సైగల వరసలో తెలుగు రాశాడు, అంతే. అర్థంకాకపోతే వీడియోలో చెప్పమని అడుగు. అట్లాగే ముఖం చూసి కోపమనుకోవడం. కనుబొమలు ఎత్తడం, తల అడ్డంగా తిప్పడం మనకు వ్యాకరణం. మొదటిసారి వచ్చిన తల్లిదండ్రులకు ఇది చెప్పకపోతే, ప్రశ్న అడిగిన పిల్లవాడు గద్దిస్తున్నాడనుకుంటారు. మనవాళ్ళూ ఒకటి తగ్గించుకోవాలి. "లావయ్యావే, జుట్టు ఊడిందే" అని ఎదురుగానే అనేయడం మనలో మనకు మామూలు, వినేవాళ్ళకు గుచ్చుకుంటుంది. మచ్చనో మెల్లనో చూసి పెట్టిన సైగ పేరు ఆ మనిషికి ఇష్టం లేదంటే ఆ రోజే మార్చండి.

"మూగ" అనే మాట నోటితోనూ కాగితం మీదా ఎవరూ వాడకుండా చూడు. భాష ఉన్నవాడు మూగ ఎట్లా అవుతాడు?

గొడవ ఎక్కువ లేచేది పింఛను దగ్గర, వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే సదరం సర్టిఫికెట్ దగ్గర. 2024 నుంచి నెలకు ఆరువేలు అయ్యాక అది ఇంకా సున్నితమైంది. "నీకెంత శాతం, నీకు కొంచెం వినపడుతుంది కదా, నీకెట్లా వచ్చింది" అని పదిమందిలో అడగకూడదని మొదటి రోజే పెట్టు. చట్టంలో రెండు చెవులకూ డెబ్బై డెసిబెల్సూ ఆపైన నష్టం ఉంటే బధిరత, అరవై నుంచి డెబ్బై అయితే వినికిడి తక్కువ. అది తేల్చాల్సింది ఆడియోమీటరు, సభ కాదు. రెండో గొడవ, పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంటా (ఆపరేషన్ చేసి పెట్టే వినికిడి మిషను) సైగలా అన్నది. ఆపరేషన్ చేయించిన తల్లిని "బిడ్డని మన నుంచి తీసుకుపోయావు" అనొద్దు, ఆమె "సైగలు నేర్పితే మాటలు రావు" అంటే ఊరుకోనూ వద్దు. ఆమె భయమేమిటో ముందు పూర్తిగా చెప్పనివ్వండి. మిషను తీసినా, బ్యాటరీ అయిపోయినా ఆ బిడ్డకు సైగలే అక్కరకొస్తాయని అప్పుడు చెప్పండి.

కోపం వచ్చినప్పుడు మనం చేసే పెద్ద తప్పు కళ్ళు మూసుకోవడం, ముఖం తిప్పుకోవడం. ఎదుటివాడి నోరు నొక్కినట్టే అది. చేతులు పట్టుకుని ఆపడం అంతకంటే ఘోరం, లైటు ఆర్పేయడమూ అంతే. భరించలేకపోతే "అయిదు నిమిషాలు" అని చెప్పి బయటికి పోయి రావచ్చు. ఇవన్నీ నువ్వొక్కదానివే చూడలేవు, చూడకూడదు కూడా. నెలకు ముగ్గుర్ని పెట్టు: ఒకరు ఆలస్యంగా వచ్చినవాళ్ళకు జరిగింది చెప్పడానికి, ఒకరు ఎవరికి కనపడటం లేదో చూడటానికి, ఒకరు టైముకి. వచ్చే నెల వేరే ముగ్గురు. ఎక్కువ కోప్పడేవాడికి రెండో పని ముందు ఇవ్వు. ఇతరుల కళ్ళు చూస్తూ కూర్చుంటే మనిషిలో మార్పు వస్తుందని నా నమ్మకం.

సైగ దూరం నుంచి, గాజు తలుపు అవతల నుంచి కూడా తెలిసిపోతుంది. ఇంటి గుట్టు చెప్పుకునేవాళ్ళని గుమ్మానికి వీపు పెట్టి కూర్చోమను. ఫోనులో తీయాలంటే అందరూ ఒప్పుకోవాలి.

తీర్మానం దగ్గర తల ఊపడాన్ని నమ్మొద్దు. తల ఊపితే "చూస్తున్నాను, చెప్పు" అని, "ఒప్పుకున్నాను" అని కాదు. ఈ పొరపాటుతోనే "ఆ రోజు ఒప్పుకుని ఇప్పుడు మాట మార్చాడు" అని నిందలు పడేది. చివరి పది నిమిషాలూ పక్కన పెట్టి, ఏమి తేలిందో ఇద్దరు ముగ్గుర్ని తమ సైగల్లో తిరిగి చెప్పమను. తేడా వస్తే అక్కడే సరిచెయ్యి. తర్వాత మూడు నిమిషాల సైగల వీడియో ఒకటి, అర పేజీ తెలుగు ఒకటి, రెండూ గ్రూపులో పెట్టు.

వచ్చే మీటింగుకి ముందు ఒకరోజు నాలుగింటికి హాలుకి వెళ్ళి ఎండ ఎటు పడుతుందో చూసుకో. కరెంటు పోతే మనకు మాట పోయినట్టే కాబట్టి రెండు ఎమర్జెన్సీ లైట్లు ఛార్జింగు పెట్టించు, ఒకటి మాట్లాడేవాళ్ళ ముఖానికి, ఒకటి ఇంటర్‌ప్రెటర్ ముఖానికి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న