మేజరైతే చదువు ఖర్చు బాధ్యత తీరిపోతుందా?

ప్రశ్న: మాది అనంతపురం. నేనూ నా భర్తా ఆరేళ్లుగా విడిగా ఉంటున్నాం, విడాకులు తీసుకోలేదు. ఆయన గుంతకల్లులో రైల్వే ఉద్యోగి, నేను ప్రైవేటు స్కూల్ టీచర్ని. అమ్మాయికి బీటెక్ సీటొచ్చింది. ఆయన జీతం వల్ల ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదంటున్నారు. ఆయనేమో ‘పద్దెనిమిది నిండాయిగా, ఇక నాకేం సంబంధం’ అంటున్నారు. నేను పక్కన కూర్చుని అమ్మాయి చేతే ఫోన్ చేయిస్తున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ ఫోన్లు మాన్పించండమ్మా. ‘మీ అమ్మ అడగమందా?’ అని ఆయన అటునుంచి అంటే, పక్కన మిమ్మల్ని పెట్టుకుని ఆ పిల్ల ఏమని చెప్తుంది? అవునన్నా కాదన్నా ఎవరో ఒకరికి కోపమే. డబ్బు మాట మీరిద్దరే మాట్లాడుకోవాలి, అదీ కాగితం మీద.

కొడుకు విషయంలో చట్టం మేజరయ్యేదాకానే అంటుంది. పెళ్లికాని కూతురికి అలా కాదు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం 20వ సెక్షన్ ప్రకారం, సొంత సంపాదన, ఆస్తి లేని కూతురిని పెళ్లయ్యేదాకా పోషించాల్సిందే. 2020లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఈ హక్కునే గుర్తుచేసింది. అదే ఏడాది రజ్నేష్ - నేహా కేసులో, పిల్లల చదువు ఖర్చు మామూలుగా తండ్రిదేనని, తల్లికి తగినంత సంపాదన ఉంటే నిష్పత్తి ప్రకారం పంచుకోవచ్చని చెప్పింది.

కాబట్టి మొహమాటానికి పోయి సగం సగం అని ఒప్పుకోకండి. ఆయన జీతం మీకు మూడింతలుంటే, లక్ష ఖర్చులో 75 వేలు ఆయనవి, 25 వేలు మీవి. ట్యూషన్ ఫీజు ఒక్కటే రాసుకుంటే మెస్ బిల్లు, పరీక్ష ఫీజు, ల్యాప్‌టాప్ అన్నీ మీ నెత్తిన పడతాయి. సప్లీ ఫీజు ఎవరు కట్టాలో కూడా రాసుకోండి, గొడవలు మొదలయ్యేది అక్కడే! ఆయన వాటా నేరుగా కాలేజీకే కట్టమనండి. ‘నీకిస్తే ఏం చేస్తావో’ అనే సాకు ఉండదు.

పెద్దమనుషుల మాట ఆయన వింటే సరే. వినకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కి ఫోన్ చేసినా చాలు. కేసు దాకా పోకుండానే లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే, దానికి కోర్టు డిక్రీ విలువే ఉంటుంది.

ఈలోగా ఫీజు గడువు మీద పడితే విద్యా రుణం తీసుకోవచ్చు. కానీ అమ్మాయితో పాటు సంతకం మీరొక్కరే పెడితే బ్యాంకు రేపు అడిగేది మిమ్మల్నే. రాజీ కాగితంలో ఆ వాయిదాల్లో ఆయన వాటా ఎంతో కూడా తేల్చుకోండి.