న్యాయ విద్యార్థుల ప్రశ్నలు: అగ్రిమెంట్, చెట్టు, పదకొండు నెలలు

ప్రశ్న: రామయ్య తన రెండెకరాలను 20 లక్షలకు సోమయ్యకు అమ్ముతానని 2019లో వంద రూపాయల స్టాంపు కాగితం మీద అగ్రిమెంట్ రాశాడు. 5 లక్షలు అడ్వాన్సు పుచ్చుకుని పొలం స్వాధీనం చేశాడు. రిజిస్ట్రేషన్‌కు గడువేమీ పెట్టుకోలేదు. 2023లో అదే పొలాన్ని భీమయ్యకు రిజిస్టర్డ్ దస్తావేజుతో అమ్మేశాడు. 'సెక్షన్ 53ఎ ప్రకారం సోమయ్యే యజమాని' అని పరీక్షలో రాస్తే మార్కులు పడలేదు. ఎందుకని?
– ఎల్‌ఎల్‌బీ విద్యార్థి, ఒంగోలు

జవాబు: అగ్రిమెంట్ వల్ల పొలం మీద హక్కేమీ పుట్టదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షనే చెబుతోంది. సోమయ్యకు దక్కింది రామయ్య చేత దస్తావేజు రాయించుకునే హక్కు మాత్రమే. అదే చట్టంలోని 53ఎ డాలే గానీ కత్తి కాదు. స్వాధీనంలో ఉన్నవాణ్ని రామయ్య ఖాళీ చేయించకుండా అడ్డుకుంటుంది తప్ప యాజమాన్యం ఇవ్వదు. పైగా 24-9-2001 తర్వాత రాసిన అగ్రిమెంట్ రిజిస్టర్ కాకపోతే ఆ డాలు కూడా ఉండదు. ఇరవై ఏళ్లు దాటినా చాలా గైడ్లు ఈ సవరణను పట్టించుకోవడం లేదు.

అలాగని సోమయ్య పని అయిపోలేదు. అసలు మార్కులు ఇక్కడే ఉన్నాయి. ఒప్పందం అమలు కోసం అతను దావా వేయవచ్చు. రిజిస్టర్ కాని అగ్రిమెంట్‌ను కూడా ఆ దావాలో సాక్ష్యంగా తీసుకోవచ్చని రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ మినహాయింపు ఒప్పుకుంటుంది. 'నాకు ఈ అగ్రిమెంట్ సంగతే తెలియదు, డబ్బిచ్చి కొన్నాను' అని భీమయ్య అంటాడు. నిర్దిష్ట పరిహార చట్టం 19(బి) అలాంటి అమాయకపు కొనుగోలుదారును కాపాడుతుంది, నిజమే. కానీ పొలం దున్నుతున్నది సోమయ్య. ఎవరైనా స్వాధీనంలో ఉంటే వాళ్ల హక్కేమిటో కొనేవాడికి తెలిసినట్టేనని ఆస్తి బదిలీ చట్టం 3వ సెక్షన్‌లోని రెండో వివరణ అంటుంది. గట్టు మీదికెళ్లి అడక్కుండా ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) ఒక్కటే చూసి కొంటే ఆ తప్పు భీమయ్యదే.

దావాలో ఇద్దర్నీ ప్రతివాదులుగా చేర్చాలి. డిక్రీ ఎలా ఉండాలో 1954లో లాలా దుర్గా ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: రామయ్య దస్తావేజు రాయాలి, టైటిల్ ఇప్పుడు భీమయ్య దగ్గర ఉంది కాబట్టి అతనూ సంతకం పెట్టాలి. మిగతా 15 లక్షలు కట్టడానికి మొదటి నుంచీ సిద్ధంగా ఉన్నానని సోమయ్య నిరూపించుకోవాలి (నిర్దిష్ట పరిహార చట్టం 16(సి)). కోర్టు ఆదేశిస్తే తప్ప ముందే డిపాజిట్ చేయనక్కర్లేదు. గడువు పెట్టుకోలేదు గనుక, రామయ్య నిరాకరించాడని తెలిసిన రోజు నుంచి మూడేళ్లు కాలపరిమితి (కాలపరిమితి చట్టం ఆర్టికల్ 54).

ఇక క్లాసులో తక్కువగా వినిపించే చిక్కు: స్టాంపు. మన రెండు రాష్ట్రాల్లోనూ స్వాధీనం ఇచ్చిన అగ్రిమెంట్‌కు సేల్ డీడ్‌కు కట్టినంత డ్యూటీ కట్టాలి. వంద రూపాయల కాగితాన్ని కోర్టులో మార్క్ చేయబోతే అవతలి వకీలు లేచి అభ్యంతరం చెబుతాడు. తక్కువపడిన డ్యూటీ, దానికి పది రెట్లు పెనాల్టీ కడితే గానీ ఆ కాగితం రికార్డులోకి రాదు. రిజిస్టర్ కాని పత్రాన్ని అనుబంధ ప్రయోజనానికైనా (అంటే అసలు హక్కుకు కాక, స్వాధీనం లాంటి పక్క విషయానికి) చూపించవచ్చు. స్టాంపు చాలని పత్రాన్ని దేనికీ చూపించలేం. ఈ రెంటినీ కలిపేయకండి.

ప్రశ్న: చెట్లు చరాస్తా, స్థిరాస్తా?
– న్యాయ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: కొన్నవాడు చెట్టును ఏం చేయబోతున్నాడో చూడండి. నలభై టేకు చెట్లు వెంటనే కొట్టుకుపోవడానికి కొంటే అది కలప, చరాస్తి. నోటిమాటతో అమ్మినా చెల్లుతుంది. అవే చెట్లు ఇంకా నేలసారం పీలుస్తూ పెరగాలి, అవసరమైనప్పుడల్లా వచ్చి కొట్టుకుంటాను అంటే అది స్థిరాస్తి. 1958 నాటి శాంతాబాయి కేసు ఇదే. భర్త భూముల్లో పన్నెండేళ్లకు పైగా వెదురు, టేకు నరుక్కునే హక్కును ఆమె రిజిస్టర్ కాని పత్రంతో పొందింది. అది స్థిరాస్తి మీద హక్కు, రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి చెల్లదని సుప్రీంకోర్టు అంది. మామిడి తోటను కాపు కోసం ఉంచుకుంటే చెట్లు స్థిరాస్తే. కాయలు మాత్రం రిజిస్ట్రేషన్ చట్టానికి చరాస్తి. చెట్టులోని రసం కూడా అంతేనని 2(9)లో ఉంది. అంటే తాటిచెట్టు స్థిరాస్తి, అందులోని కల్లు చరాస్తి!

ప్రశ్న: అద్దె ఒప్పందం పదకొండు నెలలకు రాస్తే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కదా?
– పాఠకుడు, వరంగల్

జవాబు: ఢిల్లీలో అక్కర్లేదు, వరంగల్‌లో కావాలి. ఏడాదికి మించిన లీజులకే రిజిస్ట్రేషన్ తప్పనిసరన్నది కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టంలోని మాట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో 4వ చట్టంతో 17(1)(డి)ని మార్చి, స్థిరాస్తి లీజు ఏదైనా సరే రిజిస్టర్ చేయాలంది. అదే సవరణ అగ్రిమెంట్ ఆఫ్ సేల్‌ను కూడా (జి)గా ఆ జాబితాలో చేర్చింది. దేశమంతటికీ కలిపి అచ్చేసిన బేర్ యాక్ట్ (వ్యాఖ్యానం లేని చట్టం పుస్తకం) కొంటే రాష్ట్ర సవరణలు కింద చిన్న అక్షరాల్లో ఉంటాయి, కొన్నిటిలో అసలుండవు. కొనేముందు 17వ సెక్షన్ తెరిచి, (జి) ఉందో లేదో చూసుకోండి.