10 మీటర్ల దూరంలో మానిటర్: అక్షరం మసకబారకుండా ఏ కేబుల్ తీసుకోవాలి?

కంప్యూటర్‌ను పక్క గదిలో ఉంచి, 10 మీటర్ల దూరంలో మానిటర్ పెట్టుకుంటే స్పష్టత తగ్గుతుందా, ఎలాంటి కేబుల్ కొనాలి అని మీరు అడిగారు. ఫ్యాన్ల చప్పుడు భరించలేక నేనూ సరిగ్గా ఇదే పని చేశాను. నాలుగో కేబుల్‌తో గానీ అది కుదరలేదు కాబట్టి, నాకు తెలిసినంత వివరంగా చెబుతాను.

మొదట నాది వీజీఏ (పాత తరహా వీడియో కనెక్షన్) మానిటర్. వీజీఏలో వెళ్లేది అనలాగ్ సిగ్నల్ కనుక, తీగ పొడవు పెరిగే కొద్దీ అది బలహీనపడుతుంది. అక్షరాల అంచులు పదునుగా కనిపించడానికి కావలసిన అధిక పౌనఃపున్యాలే అన్నిటికన్నా ముందు దెబ్బతినేవి. సన్నని 10 మీటర్ల కేబుల్‌తో 1920×1080లో తెల్లని పేజీ తెరిచి చూస్తే, ప్రతి నల్లని నిలువు గీతకూ కుడి పక్కన పలుచని బూడిదరంగు నీడ ఒకటి కనిపించేది. సిగ్నల్ కొంత కేబుల్ చివర్ల దగ్గర వెనక్కి మళ్లి, మళ్లీ ఆలస్యంగా మానిటర్‌ను చేరడం వల్ల ఆ నీడ పడుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు విడివిడిగా 75 ఓమ్‌ల కోయాక్సియల్ (చుట్టూ లోహపు కవచం ఉన్న) తీగలున్న లావుపాటి కేబుల్ వేశాక అది దాదాపు పోయింది.

హెచ్‌డీఎంఐ (డిజిటల్ వీడియో కనెక్షన్) సంగతి పూర్తిగా వేరు. డిజిటల్ సిగ్నల్ బలహీనపడితే బొమ్మ మసకబారదు. తెరపై మిణుగురుల్లా చుక్కలు మెరుస్తాయి, లేదా ఒకటి రెండు క్షణాలు తెర నల్లబడి మళ్లీ వస్తుంది. 4కే (3840×2160) మానిటర్ కొన్నాక 10 మీటర్ల మామూలు రాగి కేబుల్‌తో నాకు ఎదురైనది ఇదే. 1080పీ (1920×1080), 60 హెర్ట్జ్‌కు (తెర సెకనుకు 60 సార్లు మారడానికి) సెకనుకు సుమారు 4.5 గిగాబిట్లు చాలు, కానీ 4కే, 60 హెర్ట్జ్‌కు దాదాపు 18 గిగాబిట్లు కావాలి. అందుకే 1080పీకి 10 మీటర్ల మంచి లావుపాటి రాగి కేబుల్ సాధారణంగా సరిపోతుంది గానీ, 4కేకి 5 మీటర్లు దాటితే రాగిని నేను నమ్మను. గేజ్ సంఖ్య తగ్గే కొద్దీ తీగ లావుగా ఉంటుందని గుర్తుంచుకోండి; 30 గేజ్ కన్నా 24 గేజ్ నయం.

డిజిటల్‌లో కూడా అక్షరాలు మసకగా కనిపిస్తే కేబుల్‌ను కాక సెట్టింగులను అనుమానించండి. కావలసిన గిగాబిట్ల వేగం అందనప్పుడు కొన్ని కంప్యూటర్లు రంగుల సమాచారాన్ని 4:2:0కు, అంటే నాలుగు పిక్సెళ్లకు ఒకే రంగు వివరం పంపే పద్ధతికి, కుదిస్తాయి; అప్పుడు నల్లని నేపథ్యంపై ఎర్రని అక్షరాలు అలుక్కుపోయినట్టు ఉంటాయి. గ్రాఫిక్స్ సెట్టింగులలో రంగులను కుదించని ఆర్‌జీబీ లేదా 4:4:4 ఎంచుకుని, రిజల్యూషన్ మానిటర్ అసలు కొలతకు సరిపోయిందో లేదో చూడండి.

చివరికి నేను వేసినది సిగ్నల్‌ను కాంతి రూపంలో పంపే ఆప్టికల్ ఫైబర్ హెచ్‌డీఎంఐ కేబుల్, 15 మీటర్లది. 4కేలో ఒక్క చుక్క కూడా మెరవలేదు. మీది 4కే అయితే నేను చెప్పేది ఇదే. దానికి దిశ ఉంటుంది: సోర్స్ అని రాసిన కొన కంప్యూటర్‌కు, డిస్‌ప్లే అని రాసినది మానిటర్‌కు పెట్టాలి, తిరగేస్తే తెర వెలగదు. పైపులోంచి లాగేటప్పుడు పదునుగా మడత పడనివ్వకండి. గోడలోకి ఎక్కించే ముందు, మీరు నిజంగా వాడబోయే రిజల్యూషన్, రిఫ్రెష్ రేటులతోనే నేలపై పరిచి ఒక పూట నడిపి చూడండి.