స్పార్క్ గ్యాప్‌ను చల్లగా ఉంచడం గురించి

పెరంబూరు, చెన్నై

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నీ టెస్లా కాయిల్ (వోల్టేజిని బాగా పెంచి గాలిలోకి మెరుపులు చిమ్మే యంత్రం) మొదటి నిమిషం మూరెడు మెరుపులు చిమ్మి ఆ తరువాత నీరసిస్తున్నదనీ, అందుకని స్పార్క్ గ్యాప్‌ను, అంటే రవ్వ దూకే సందును, కొంచెం ఎడం చేశాననీ రాశావు. ఆ పని వెంటనే మానుకో. లోపం ఎడంలో లేదు, వేడిలో ఉంది.

విద్యుత్తును నిలవచేసే కెపాసిటర్ నిండగానే రవ్వ పుట్టడం ఎంత అవసరమో, శక్తి మెరుపులు చిమ్మే సెకండరీ చుట్టలోకి చేరగానే ఆ రవ్వ చప్పున ఆరిపోవడం అంతకన్నా అవసరం. అది ఆరకపోతే పైకెక్కిన శక్తి మళ్ళీ మొదటిదైన ప్రైమరీ చుట్టలోకి దిగివచ్చి గ్యాప్‌లోనే వేడిగా ఖర్చయిపోతుంది. నీవు బిగించిన రెండు ఇత్తడి బోల్టుల మొనలు నిమిషంలో ఎర్రబడతాయి కనుక వాటి నడుమ గాలికి చల్లారే వ్యవధి దొరకదు.

బోల్టులు తీసేసి, ఏసీ మెకానిక్కుల దగ్గర దొరికే 22 మి.మీ. రాగి గొట్టాన్ని 8 సెం.మీ. చొప్పున 5 ముక్కలుగా కోయించి, గ్లాస్ ఎపాక్సీ పలక మీద పక్కపక్కనే బిగించు. యాక్రిలిక్ పలక వద్దు, అది వేడికి మెత్తబడుతుంది. 4 సందులు వస్తాయి. ఒక్కొక్కటి ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలుచని రేకులతో) 0.6 మి.మీ.కి సరిచెయ్యి. అంత సందులో సుమారు 3,000 వోల్టులకు రవ్వ దూకుతుంది, నాలుగింటికీ కలిపి సుమారు 12,000 కావాలి. నీ 9,000 వోల్టుల నియాన్ ట్రాన్స్‌ఫార్మర్ (నియాన్ బోర్డులు వెలిగించేది) శిఖర వోల్టేజి, అంటే అల అత్యున్నత స్థాయిలో, 12,700. మొదట రెండు సందులతో మొదలుపెట్టి ఒక్కొక్కటే కలుపుకుంటూ వెళ్ళు. రిచీ స్ట్రీట్‌లో 230 వోల్టుల ఇనుప చట్రం ఫ్యాన్ కొని, గాలి సందుల మధ్యనుంచే దూసుకుపోయేలా అమర్చు.

ఎడం విషయంలో నేనింత గట్టిగా చెప్పడానికి కారణముంది. వయసులో ఉండగా నేనూ నీలాగే బోల్టు తిప్పి ఎడం పెంచాను. మెరుపు జానెడు పెరిగింది. మూడో రాత్రి తారు కాలిన వాసన గదంతా నిండింది, పెరిగిన వోల్టేజికి ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇన్సులేషన్ పోయింది. అందుకే ట్రాన్స్‌ఫార్మర్ కొసలకు రక్షణగా వేరే సేఫ్టీ గ్యాప్ ఉండాలి. ట్రాన్స్‌ఫార్మర్‌ను ఒంటరిగా నడిపి చూసి, సేఫ్టీ గ్యాప్‌లో రవ్వ రావడం ఆగిన చోటికి మించి దాని ఎడం పెంచవద్దు.

మన సముద్రపు గాలికి రాగి త్వరగా చిలుము పడుతుంది. అత్తయ్య చెంబులు తోమినట్టు చింతపండుతో తోమకు, మిగిలిన పులుపు మళ్ళీ చిలుము తెస్తుంది. సన్నటి ఉప్పుకాగితంతో రుద్ది పొడిగుడ్డతో తుడువు. గుంటలు పడిన గొట్టాన్ని పావువంతు తిప్పితే కొత్త ముఖం ఎదురవుతుంది.

గ్యాప్‌ను తాకేముందు ప్లగ్ పీకి, పొడవాటి పిడి ఉన్న ఎర్త్ కడ్డీతో కెపాసిటర్‌ను ఖాళీ చేసి, కాసేపాగి మళ్ళీ ఖాళీ చేసి, ఎర్త్ తీగ తగిలించే ఉంచు. ఖాళీ చేసిన కెపాసిటర్‌లో కూడా కొంత విద్యుదావేశం తిరిగి తలెత్తుతుంది. రవ్వ వెలుగులో అతినీలలోహిత కిరణాలుంటాయి కనుక నేరుగా చూడకు. రవ్వ వల్ల పుట్టే హానికర వాయువులు ఓజోన్, నైట్రోజన్ ఆక్సైడ్లు బయటికి పోయేలా కిటికీలు తెరిచే ఉంచు.

గొట్టాలు బిగించాక, కరెంటు ఇవ్వకముందే, నాలుగు సందులనూ రెండు చివరలా కొలిచి ఆ ఎనిమిది అంకెలు నాకు రాసి పంపు.

ఇట్లు,
మీ మామయ్య