రోమన్ సైనికుడి జీతం, సెలవు, విరమణ: ఒక మాజీ సైనిక గుమాస్తా సమాధానం

రోమన్ సామ్రాజ్యం అన్ని వందల ఏళ్లు నిలబడడానికి సైనికుల వీరత్వమే కారణమా, అంత గొప్ప సైన్యం చేతిలో ఉండి కూడా వాళ్ల గణతంత్రం ఎందుకు కూలిపోయింది అని మీరు అడిగారు. భారత సైన్యంలో 24 ఏళ్లు గుమాస్తాగా పనిచేసి హవల్దార్‌గా విరమించిన నాకు ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట దొరికింది. సైనికుణ్ని ఎవరు లెక్కలో పెట్టుకున్నారు, ముసలితనంలో అతనికి ఎవరు అన్నం పెట్టారు అన్నదాన్ని బట్టే రోమ్ నిలబడడమూ పడిపోవడమూ జరిగాయని నేను నమ్ముతున్నాను.

మా అమ్మాయి ఉద్యోగరీత్యా ఇంగ్లండు ఉత్తర ప్రాంతంలోని న్యూకాసిల్‌లో ఉంటుంది. రెండేళ్ల కిందట వేసవిలో అక్కడికి వెళ్లినప్పుడు నన్ను విండోలాండా అనే చోటికి తీసుకువెళ్లింది. అది క్రీ.శ. 85 ప్రాంతంలో, అంటే హేడ్రియన్ చక్రవర్తి బ్రిటన్ ఉత్తర సరిహద్దులో తన గోడ కట్టించడం మొదలుపెట్టిన 122వ సంవత్సరానికి చాలా ముందే, రోమన్లు వేసుకున్న కోట. 1973లో రాబిన్ బర్లీ అనే పురావస్తు శాస్త్రవేత్త అక్కడి తడి మట్టిలో పల్చటి చెక్క రేకులు కనుగొన్నాడు. గాలి తగలని బురద కావడం వల్ల అవి కుళ్లిపోలేదు. మసకవెలుతురు గదిలో, అద్దాల పెట్టెలో వాటిని చూశాను. పోస్టుకార్డు పరిమాణం, ఒకటి రెండు మిల్లీమీటర్ల మందం, వాటి మీద సిరా చారలు. మామూలు కంటికి అవి దాదాపు కనిపించవు. పరారుణ ఛాయాచిత్రాల సాయంతోనే పండితులు చదవగలిగారు. వాటిలో యుద్ధ విజయాల వర్ణన ఉంటుందనుకున్నాను. తీరా అక్కడ కొన్న చిన్న పుస్తకంలో అనువాదాలు చదువుతుంటే, నేను జీవితమంతా రాసిన కాగితాలే ఎదురయ్యాయి.

మా యూనిట్‌లో ప్రతి ఉదయం పరేడ్ స్టేట్ తయారుచేయడం నా పని. మొత్తం బలగం ఎంత, సెలవులో ఎందరు, తాత్కాలిక విధుల మీద బయటికి వెళ్లినవారెందరు, ఆస్పత్రిలో ఎందరు, చివరికి పనికి నిలబడేవారెందరు అన్న లెక్క అది. ఒక్క అంకె తేడా వచ్చినా కమాండింగ్ అధికారి ముందు నిలబడాల్సి వచ్చేది. ఆ పుస్తకంలో మొదటి తుంగ్రియన్ కోహార్ట్ అనే దళానికి చెందిన బలగం పట్టిక ఉంది. తారీఖు మే 18, సంవత్సరం రాయలేదు గాని క్రీ.శ. 90ల నాటిది. మొత్తం బలగం 752, అందులో సెంచూరియన్లు (దళంలోని జట్లకు నాయకులు) ఆరుగురు. ఆ మొత్తం బలగంలో 46 మంది గవర్నరు అంగరక్షక దళానికి వెళ్లారు, 337 మంది బ్రిటన్‌లోనే కొరియా అనే మరో స్థావరంలో ఉన్నారు, ఒక సెంచూరియన్ లండన్‌లో ఉన్నాడు. ఇతర చోట్లకు వెళ్లినవారితో కలిపి గైర్హాజరు మొత్తం 456, మిగిలింది 296. అందులో జబ్బు పడినవారు 15, గాయపడినవారు 6, కళ్ల వాపుతో ఉన్నవారు 10, మొత్తం 31. విధులకు తగినవారు 265. నేను బయట బల్ల మీద కూర్చుని పెన్సిలుతో ఆ తీసివేతలు చేసి చూశాను, అన్నీ సరిపోయాయి. పంతొమ్మిది వందల ఏళ్ల కిందటి ఆ గుమాస్తా మీద నాకు కలిగిన గౌరవం మాటల్లో చెప్పలేను. కళ్ల వాపు విషయంలో మాత్రం నా అనుభవం గుర్తొచ్చింది. ఎత్తయిన పోస్టుల్లో చలికాలం బుఖారీ (గది వెచ్చబెట్టే పొయ్యి) వెలిగించుకుని తలుపులు బిగించుకునే జవాన్లకు ఆ పొగతో కళ్లు ఎర్రబడి వాచేవి. అక్కడ కూడా కట్టెల పొగే కారణమై ఉంటుందని నా ఊహ.

ఆ పట్టిక చెప్పే అసలు సంగతి ఏమిటంటే, కాగితం మీద 752 మంది ఉన్న దళంలో ఆ రోజు కోట దగ్గర కత్తి పట్టగలిగినవారు 265 మందే, సెంచూరియన్ ఒక్కడే. ఆ నిజాన్ని దాచకుండా పైవారికి రాసే అలవాటు ఉన్న సైన్యానికి ఎక్కడ ఎంత బలం ఉందో ఎప్పటికప్పుడు తెలుస్తుంది. వీరులు రోమ్ శత్రువుల్లోనూ ఉన్నారు, కానీ ఇలాంటి లెక్క రోజూ రాసినవారు తక్కువ. తొమ్మిదవ బటావియన్ కోహార్ట్ వారి నివేదిక మరొకటి ఉంది: ఉండవలసినవారంతా తమ తమ విధుల్లో ఉన్నారు, సామగ్రి కూడా ఉంది అని, దాన్ని సమర్పించిన కింది అధికారి పేరుతో సహా. ఆ దళాధిపతి సెరియాలిస్‌కు రాసిన సెలవు దరఖాస్తులు కూడా దొరికాయి. ‘స్వామీ సెరియాలిస్, నన్ను సెలవు ఇవ్వదగినవాడిగా ఎంచమని వేడుకుంటున్నాను’ అనే ధోరణిలో అవి ఉన్నాయి. పెళ్లికో, అమ్మకు ఒంట్లో బాగోలేదనో మా కుర్రాళ్లు నాచేత రాయించుకున్న దరఖాస్తులు ఎన్ని వందలో!

ఇక మీ రెండో ప్రశ్న. గణతంత్రం తొలి రోజుల్లో సొంత ఆస్తి ఉన్న రైతే సైనికుడు. యుద్ధం ముగిశాక తన పొలానికి తిరిగి వెళ్లేవాడు. దండయాత్రలు దూర దేశాలకు సాగి ఏళ్లకేళ్లు నడిచేకొద్దీ ఆ పద్ధతి కుదరలేదు. క్రీ.పూ. 107లో మారియస్ అనే సేనాధిపతి ఆస్తి నిబంధన పక్కనపెట్టి, భూమి లేని పేదలను కూడా సైన్యంలోకి తీసుకున్నాడు. అతను చేసింది అన్యాయమని నేననను. అయితే తిరిగి వెళ్లడానికి పొలం లేని ఆ మనిషి విడుదలయ్యాక ఎలా బతకాలి అన్న దానికి ప్రభుత్వం దగ్గర స్థిరమైన ఏర్పాటు లేదు. ప్రతిసారీ సేనాధిపతి సెనేట్ అనే పెద్దల సభ ముందు నిలబడి తన మనుషులకు భూములు అడగాలి, సెనేట్ ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. దీంతో సైనికుడి ఆశ ప్రభుత్వం మీద నుంచి సేనాధిపతి మీదికి మారింది. క్రీ.పూ. 88లో సుల్లా అనే సేనాధిపతి సొంత నగరం మీదికే సైన్యాన్ని నడిపినప్పుడు పై అధికారుల్లో ఒక్కడు తప్ప అందరూ అతన్ని విడిచిపోయారు. సామాన్య సైనికులు మాత్రం వెంట నడిచారు. తూర్పు దేశపు యుద్ధం సుల్లా చేయి దాటితే అందులో రావలసిన రాబడి తమకు దక్కదని వారి భయం.

పాంపే అనే మరో సేనాధిపతి సంగతి నాకు ఇంకా బాధ కలిగిస్తుంది. అతను క్రీ.పూ. 62లో తూర్పు దేశాలు గెలిచి వచ్చి, పద్ధతి ప్రకారం సైన్యాన్ని రద్దుచేసి, తన పాత సైనికులకు భూములిమ్మని సెనేట్‌ను మర్యాదగానే అడిగాడు. సెనేట్‌లోని పెద్దలు అతని మీద అసూయతో ఏళ్ల తరబడి ఆ విషయం తేల్చలేదు. చివరికి అతను సీజర్‌తో, క్రాసస్‌తో చేతులు కలిపాడు. క్రీ.పూ. 59లో సీజర్ కాన్సుల్ (ఆ ఏటి అత్యున్నత అధికారి) అయ్యాక గాని ఆ భూములు రాలేదు. పదేళ్లు తిరిగేసరికి అదే సీజర్ సైన్యంతో రూబికాన్ నది దాటి అంతర్యుద్ధం మొదలుపెట్టాడు. కదలని ఒక దస్త్రం ఎంత దూరం తీసుకుపోగలదో దస్త్రాల మధ్య బతికినవాడికి బాగా తెలుస్తుంది.

ఆగస్టస్ మొదటి చక్రవర్తిగా సాధించిన యుద్ధ విజయాలకన్నా, క్రీ.శ. 6లో అతను స్థాపించిన సైనిక ఖజానాయే గొప్ప పని అని నా అభిప్రాయం. తన సొంత సొమ్ము 17 కోట్ల సెస్టెర్స్‌లు (రోమన్ నాణేలు) అందులో వేశాడు. ఆ తర్వాత నడపడానికి వారసత్వపు ఆస్తి మీద 5 శాతం, వేలం అమ్మకాల మీద 1 శాతం పన్ను పెట్టాడు. కలిగినవారు ఆ వారసత్వపు పన్నును తీవ్రంగా వ్యతిరేకించారు, అతను వెనక్కి తగ్గలేదు. రోమన్ పౌరులుండే ప్రధాన దళమైన లీజియన్‌లోని సైనికుడికి విడుదల సమయంలో 12,000 సెస్టెర్స్‌లు ఇవ్వాలన్నది నిర్ణయం. ఏర్పాటు ఉన్నంతమాత్రాన అమలు సాఫీగా సాగలేదు. క్రీ.శ. 14లో ఆగస్టస్ చనిపోగానే డాన్యూబ్ నది ప్రాంతమైన పన్నోనియాలోనూ రైన్ నది తీరంలోనూ సైనికులు తిరగబడ్డారు. గడువు దాటినా విడిచిపెట్టడం లేదనీ, భూమి పేరుతో చిత్తడి నేలలూ కొండ వాలులూ అంటగడుతున్నారనీ వారి ఫిర్యాదు. అయినా సైనికుడు ఇప్పుడు ఫలానా సేనాధిపతి దయ కోసం కాక, ఖజానాలో తనకు రావలసిన సొమ్ము కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ తేడా వల్లనే, 69వ సంవత్సరంలో నలుగురు చక్రవర్తులు మారిన కల్లోలాన్ని మినహాయిస్తే, దాదాపు రెండు వందల ఏళ్లు పెద్ద అంతర్యుద్ధాలు లేకుండా గడిచాయి.

విండోలాండాలో ఉన్న తుంగ్రియన్లూ బటావియన్లూ రోమన్ పౌరులు కారు. నేటి బెల్జియం, నెదర్లాండ్స్ ప్రాంతాల నుంచి వచ్చిన సహాయక దళాలవారు. 69లో బటావియన్లు సివిలిస్ నాయకత్వంలో రోమ్ మీద పెద్ద తిరుగుబాటు చేశారు, మరుసటి ఏడు ఓడిపోయారు. ఆ తర్వాత పాతికేళ్లలోపే వాళ్లను రోమ్ బ్రిటన్ సరిహద్దు కాపలాకు నమ్మి పెట్టింది. ఆ నమ్మకానికి ఆధారం 25 ఏళ్ల సేవ చివర వచ్చే పౌరసత్వం. ఇదంతా న్యాయమైన సమాజమని మాత్రం నేను చెప్పను. ఆ సామ్రాజ్యం బానిసల చాకిరీ మీద కూడా నిలబడింది. ఆ చెక్క రేకుల్లోనే ఒక వర్తకుడి ఫిర్యాదు ఉంది: సముద్రం అవతలి నుంచి వచ్చిన తనను, నేరమేమీ చేయకపోయినా, బెత్తాలతో రక్తం వచ్చేలా కొట్టారని, సెంచూరియన్లకు చెప్పుకున్నా ఫలితం లేకపోయిందని పైవారికి మొరపెట్టుకున్నాడు. అతనికి న్యాయం జరిగిందో లేదో చెప్పే రేకు లేదు.

విడుదలైన సహాయక సైనికుడికి ఇచ్చే ధ్రువపత్రాన్ని మాత్రం వివరంగా చెప్పి ముగిస్తాను. అది కంచు రేకుల జంట. ఒకే పాఠాన్ని లోపలి వైపూ బయటి వైపూ రెండుసార్లు చెక్కి, రెండు రేకులనూ తీగతో కట్టి, ఏడుగురు సాక్షుల ముద్రలు వేసేవారు. బయటి పాఠాన్ని ఎవరైనా చదువుకోవచ్చు. దాన్ని ఎవరైనా మార్చారన్న అనుమానం వస్తే అధికారి ముందు ముద్రలు విప్పి లోపలి పాఠంతో పోల్చేవారు. అసలు ప్రతి రోమ్ నగరంలో గోడకు తగిలించి ఉండేది, అది ఏ గోడో కూడా ఆ రేకు మీద రాసి ఉండేది. విరమించినప్పుడు నా పింఛను కాగితాల్లో ఇంటిపేరు ఒక అక్షరం తప్పు పడింది. సరిచేయమని కార్యాలయానికి రాసిన ప్రతిసారీ, అసలు దస్త్రం మరో ఊళ్లో ఉందన్న జవాబే వచ్చింది. 14 నెలలు తిరిగాక గాని ఆ అక్షరం మారలేదు. అందుకే ఆ కంచు రేకు నమూనా ముందు చాలాసేపు నిలబడిపోయాను. పేరు, తండ్రి పేరు, దళం పేరు, దళాధిపతి పేరు, అన్నీ రెండు చోట్లా ఒకే విధంగా ఉన్నాయి.