గోడకు కన్నం పెట్టేముందు: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి రమేశ్‌కు, మామయ్య ఆశీస్సులు.

అల్లుడూ, మొన్న అక్క ఫోన్ చేసి "వాడు ఆసుపత్రి బిల్డింగులో కరెంటు కేబుళ్లు పరిచే ఇనుప ట్రేల పని సొంతంగా పట్టాడురా" అని చెప్పింది. ఆమె గొంతులో సంతోషం నాకూ అంటుకుంది. ఫోన్ పెట్టేశాక మాత్రం టెన్షన్ పట్టుకుంది. ఐదంతస్తులట, సెల్లార్లో ప్యానెల్ గదట, అక్కడినుంచి పైదాకా కేబుళ్లు నిలువుగా పోయే దారి, ఒకటే షాఫ్టట. అంటే ప్రతి స్లాబులోనూ ఒక కన్నం. ఫోన్లో చెబితే "సరే మామా, సరే మామా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా.

ట్రే బిగించడం నీకు కొత్తగా నేర్పక్కర్లేదు. మీటరున్నరకు ఒక సపోర్టు వెయ్యి. కోసిన అంచును ఆకురాయితో రాయించి జింక్ పెయింట్ కొట్టించు, లేకపోతే కేబుల్ లాగేటప్పుడు తొడుగు చీలుతుంది. గోడకు అటూ ఇటూ దగ్గర్లోనే సపోర్టులు పెట్టు, ట్రే బరువు గోడ మీద పడకూడదు. గోడ దగ్గర ట్రేను ఆపాల్సి వస్తే ఎర్త్ పట్టీ మాత్రం తెగకుండా అటువైపు దాకా పోవాలి. ట్రే మీదెక్కి నడవొద్దని కుర్రాళ్లకు చెప్పు. వినరు, మళ్లీ చెప్పు.

స్లాబులో గుండ్రంగా కన్నం కోసే కోర్ కటింగ్ మొదలుపెట్టేముందు స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం తీసుకో. బీములో, కాలమ్‌లో వేలు పెట్టొద్దు. అది పోస్ట్ టెన్షన్ స్లాబు అయితే లోపల ఉక్కు కేబుళ్లు బిగించి లాగి ఉంటాయి, స్కానింగ్ చేయించకుండా డ్రిల్ బిట్టు ఆనించనివ్వకు. కింద అంతస్తులో ఒక మనిషిని నిలబెట్టి, చుట్టూ తాడు కట్టించు. ఆరంగుళాల స్లాబులో ఆరంగుళాల కోర్ కోస్తే ఊడిపడే ముక్క ఆరు కిలోల పైమాటే. అది ముందుగా చెప్పి పడదు.

ఇక నా భయం సంగతి. నేను ప్లాంటులో కుదురుకోకముందు ఒక బిల్డింగు సైటులో పనిచేశాను. పేరు వద్దులే. ట్రేల కోసం మావాళ్లు స్లాబులో కన్నాలు కోశారు, ఒక్కోటి మనిషి దూరేంత. సివిల్ వాళ్లు వాటి మీద ప్లైవుడ్ షీట్లు పరిచారు. పరిచారంతే, బిగించలేదు. కొన్నాళ్లకు పై అంతస్తు సెంట్రింగుకు ప్లైవుడ్ చాల్లేదు. స్టోర్సు నుంచి ఎవరో "ఖాళీగా పడున్న షీట్లు ఏరుకురండి" అని ఇద్దరు హెల్పర్లను పంపారు. అందులో ఒకడు, అప్పటికి నీకంటే చిన్నవాడు, షీటును రెండు చేతులా పట్టుకుని నిలువుగా ఎత్తాడు. షీటు మొహానికి అడ్డం. కాళ్ల ముందు ఏముందో కనపడదు. ఎత్తినవాడు ఎప్పుడూ ముందుకే అడుగేస్తాడు కదా, వాడూ అలాగే వేశాడు.

బతికాడు. కింద అంతస్తు ట్రే అంచుకు తగిలి నడుము విరిగింది. తర్వాత పనికి రాలేదు. వాళ్ల నాన్న గేటు దగ్గర చాలాసేపు నిలబడి, ఎవరిని అడగాలో తెలియక వెళ్లిపోయాడు. ఎందుకంటే అడిగితే జవాబు చెప్పేవాళ్లు లేరు. కోసింది ఎలక్ట్రికల్ వాళ్లు, మూసింది సివిల్ వాళ్లు, షీట్లు తెమ్మంది స్టోర్సు వాళ్లు. ఎంక్వైరీలో ముగ్గురూ నిజమే చెప్పారు. ఆ కన్నం ఎవరిదో మాత్రం తేలలేదు.

నీ సైటులో అది నీదే అనుకో. కన్నం కన్నా పెద్ద షీటు, మందంగా ఉన్నది వేసి, నాలుగు మూలలా యాంకర్ బోల్టులతో స్లాబుకు బిగించు. షీటు మీద ఎర్రరంగుతో "కింద కన్నం ఉంది, ఎత్తవద్దు" అని తెలుగులో, హిందీలో రాయించు. మీ దగ్గర పనిచేసేవాళ్లలో ఒడిశా, బీహార్ పిల్లలే ఎక్కువట కదా. కేబుల్ లాగడానికి మూత తీస్తే చుట్టూ రైలింగు ఉండాలి, సాయంత్రానికి మూత మళ్లీ పడాలి. మేస్త్రి చూసుకుంటాడులే అనుకుని ఇంటికి వెళ్లావో, నేనే వచ్చి చెవి మెలిపెడతా.

కేబుళ్లు పడ్డాక ఆ చుట్టూ మిగిలే సందు కూడా కన్నమే. మనిషి పట్టడు గానీ పొగ పడుతుంది. 2011 డిసెంబర్ 9న కోల్‌కతా ఆమ్రి ఆసుపత్రిలో మంట సెల్లార్లో పుట్టింది. చనిపోయిన దాదాపు తొంభై మందిలో ఎక్కువమంది పై అంతస్తుల్లో మంచాల మీదున్న రోగులు, పొగకు ఊపిరాడక పోయారు. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ అగ్నిప్రమాదంలో పోయిన ఆరుగురు యువతీయువకులదీ పొగ చావే. నీది ఆసుపత్రి అని మర్చిపోకు, రోగి పరుగెత్తలేడు.

నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ప్రకారం ఆ సందు నింపే సరుకు 120 నిమిషాలు మంటకు ఆగాలి. హార్డ్‌వేర్ షాపులో డబ్బాలో దొరికే మామూలు ఫోమ్ కొట్టి మూసేస్తానంటే ఒప్పుకోకు. 1975 మార్చి 22న అమెరికాలో, అలబామాలోని బ్రౌన్స్ ఫెర్రీ అణు కేంద్రంలో కేబుళ్ల సందులోంచి గాలి పోతోందేమో చూడటానికి కొవ్వొత్తి పెట్టారు. ఫోమ్ అంటుకుంది. దాదాపు ఏడు గంటలు కాలి 1,600కు పైగా కేబుళ్లు పాడయ్యాయి. ట్రైనింగ్ క్లాసులో మాకు ఇది చెప్పినప్పుడు కొందరు నవ్వారు, నాకు నవ్వు రాలేదు.

రాక్‌వూల్ (మంటకు కాలని రాతి దూది) కుక్కి పైన మంటకు ఆగే ముద్ద, ఫైర్ సీలెంట్ పూస్తావో, మంటకు ఆగే గచ్చు, ఫైర్ మోర్టార్ పోస్తావో, కంపెనీ వాళ్లు పరీక్షించిన డ్రాయింగు ఎలా ఉంటే అలాగే చెయ్యి. కట్టగా ఉన్న కేబుళ్ల మధ్య సందుల్లోకీ సీలెంట్ పోవాలి, పైపైన పూస్తే లాభం లేదు. నువ్వు వెళ్లిన నెలకే సీసీటీవీ వాళ్లు వచ్చి స్క్రూడ్రైవరుతో దాన్ని పొడిచి తమ తీగ దూర్చుకుంటారు, రాసి పెట్టుకో. వాళ్లకోసం ముందే ఒక ఖాళీ స్లీవు (పైపు ముక్క) వదిలి, అందులో మంటను ఆపే చిన్న దిండ్లు, ఫైర్ పిల్లోలు కుక్కు. తీసి మళ్లీ పెట్టుకోవచ్చు.

డబ్బు మాట కూడా వినాలి. ఈ సందులు మూసే పని కొటేషన్లో లేకపోతే చివర్లో ఎవరూ ఇవ్వరు, చేతి నుంచి పెట్టాల్సి వచ్చేసరికి మనసు ఫోమ్ వైపు లాగుతుంది. అందుకే ఒక్కో కన్నానికి ఇంత అని విడిగా రాసి ఇప్పుడే ఒప్పించుకో. కుదరకపోతే నాతో చెప్పు, కాస్త సర్దుతాను. అక్కకు తెలియనక్కర్లేదు.

స్లాబులు కోసే వారం నేను వస్తాను. మోకాళ్లు బాగాలేవు గానీ, సెల్లార్ నుంచి మెట్లెక్కే వస్తా. ఈలోపు సందులు మూసే డ్రాయింగులు ఫోన్లో పంపు, అక్షరాలు పెద్దవి చేసి పంపు. కళ్లజోడు ఇంకా మార్చలేదు.

మీ మామయ్య
పాల్వంచ